క్రికెట్ మ్యాచ్ కోసం ఒక అబద్ధం: ‘ద లేడీ వానిషెస్’ రైల్లో నవ్వు, భయం ఎలా కలిశాయి

మన సినిమాల్లో కామెడీ ట్రాక్ అనేది చాలాకాలం విడిగానే నడిచింది. హీరో కష్టాల్లో ఉంటాడు, విలన్ ఎక్కడో ప్లాన్ వేస్తుంటాడు, మధ్యలో కమెడియన్ వచ్చి ఓ పది నిమిషాలు నవ్వించి వెళ్ళిపోతాడు, ఆ పది నిమిషాలూ కోసేసినా కథకి ఏమీ కాదు. కుటుంబ కథల్లో అయితే సర్దుకుపోవచ్చు గానీ థ్రిల్లర్‌లో ఇది పెద్ద ఇబ్బంది, ఎందుకంటే కష్టపడి పెంచిన టెన్షన్ అంతా ఆ పది నిమిషాల్లో దిగిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి పెంచుకుంటూ రావాలి. కామెడీ థ్రిల్లర్ అని పోస్టర్ మీద వేసుకున్న సినిమాలు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. కొంచెంసేపు కామెడీ, కొంచెంసేపు థ్రిల్లర్, రెండూ కలిసింది ఎక్కడా కనబడదు.

1938లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ బ్రిటన్‌లో తీసిన ‘ద లేడీ వానిషెస్’ ఈ చిక్కుని విప్పిన తీరు ఇప్పుడు చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది. గంటా ముప్పావు కూడా ఉండని సినిమా, అందులో ఎక్కువభాగం ఒకే రైల్లో. ఇందులో నవ్వించేవాళ్ళని తీసేస్తే థ్రిల్లర్ నిలబడదు. ఎందుకంటే హీరోయిన్ ప్రాణం మీదికి వచ్చేది విలన్ల వల్ల ఎంతో, ఆ నవ్వించేవాళ్ళ వల్లా అంతే. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ‘మనకెందుకొచ్చిన గొడవ’ అనుకునే మామూలు మనుషులు.

కథ చెప్పుకోకుండా ఈ విషయం తేలదు కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. ముగింపు తెలిసినా ఈ సినిమా చూడటంలో సరదా తగ్గదు. బాండ్రికా అనే కల్పిత దేశం, మధ్య యూరప్‌లో ఎక్కడో కొండల్లో ఉంటుంది. మంచు విరిగిపడి రైలు ఆగిపోవడంతో ప్రయాణికులంతా ఒక చిన్న హోటల్లో రాత్రి గడపాల్సి వస్తుంది. మర్నాడు రైలెక్కుతుండగా ఐరిస్ అనే ఇంగ్లీషు అమ్మాయి తలమీద కిటికీలోంచి ఒక పూలతొట్టి పడుతుంది. అసలు అది పడాల్సింది పక్కనే ఉన్న మిస్ ఫ్రాయ్ అనే పెద్దావిడ మీద. ఆ పెద్దావిడే ఐరిస్‌ని చేయిపట్టుకుని రైలెక్కించి, డైనింగ్ కార్‌కి తీసుకెళ్ళి టీ ఇప్పించి, వెనక్కి తీసుకొచ్చి నిద్రపొమ్మంటుంది. ఐరిస్ కళ్ళు తెరిచేసరికి ఎదుటి సీట్లో ఆవిడ ఉండదు. ఎవర్నడిగినా ఒకటే జవాబు, అసలు అలాంటి ఆవిడ ఎవరూ ఈ పెట్టెలో ఎక్కనే లేదు అని.

ఐరిస్‌గా మార్గరెట్ లాక్‌వుడ్, మిస్ ఫ్రాయ్‌గా డేమ్ మే విట్టీ, ఐరిస్‌ని నమ్మే ఒకే ఒక్కడు గిల్బర్ట్‌గా మైఖేల్ రెడ్‌గ్రేవ్ నటించారు. 1936లో ఎథెల్ లీనా వైట్ రాసిన ‘ద వీల్ స్పిన్స్’ అనే నవల దీనికి ఆధారం. దాన్ని సినిమాకి మలిచింది సిడ్నీ గిలియట్, ఫ్రాంక్ లాండర్ అనే రచయితల జంట. నిజానికి ఇది మొదట హిచ్‌కాక్ చేతికి రాలేదు. వేరే దర్శకుడితో మొదలుపెట్టి, బయటి దృశ్యాల కోసం యుగోస్లావియాకి మనుషుల్ని పంపితే, తమ దేశాన్ని ఇందులో ఎలా చూపించబోతున్నారో అక్కడి పోలీసులు స్క్రిప్టులో చూసి వాళ్ళని తిప్పి పంపేశారు. అలా ఆగిపోయిన ప్రాజెక్టు తర్వాత హిచ్‌కాక్ దగ్గరికి వచ్చింది. సినిమా ఎంత బాగా వచ్చిందంటే ఆ సంవత్సరానికి న్యూయార్క్ సినీ విమర్శకుల సంఘం ఆయన్నే ఉత్తమ దర్శకుడిగా ఎంచుకుంది. ఆ మరుసటి ఏడాదే ఆయన అమెరికా వెళ్ళిపోయాడు.

దూరప్రయాణం రైలు ఈ రకం కథకి ఎందుకంత బాగా నప్పుతుందో మన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. విజయవాడలోనో సికింద్రాబాద్‌లోనో ఎక్కి ఢిల్లీలో దిగేదాకా ఎదుటి బెర్త్ వాళ్ళతో ఒక తాత్కాలిక చుట్టరికం ఏర్పడుతుంది, పులిహోర పంచుకుంటాం, పిల్లల చదువులు చెప్పుకుంటాం, దిగాక మళ్ళీ కలవం. పరిచయం ఉంటుంది, పూచీ ఉండదు. పక్కవాళ్ళకి ఏదైనా జరిగితే సాక్ష్యం చెప్పాల్సినంత దగ్గరితనమూ కాదు, మాకు తెలీదు అని తప్పుకోగలిగినంత దూరమూ కాదు. ఈ మధ్యరకం సంబంధం మీదే ‘ద లేడీ వానిషెస్’ మొత్తం ఆడుతుంది. పైగా నడుస్తున్న రైల్లోంచి మనిషి ఎక్కడికి పోతుంది? అటు చివర ఇంజిను, ఇటు చివర గార్డు పెట్టె, ఈ రెంటి మధ్యే ఎక్కడో ఉండాలి. తాళం వేసిన గదిలో నేరం లాంటి చిక్కుముడే, కాకపోతే గది కదులుతోంది, వచ్చే స్టేషన్‌లోగా తేల్చకపోతే మనిషిని దింపేసుకుని తీసుకుపోతారు. గడియారాన్ని పదే పదే చూపించక్కర్లేదు, చక్రాల చప్పుడే ఆ పని చేస్తుంది. ఈ సినిమాలో నేపథ్య సంగీతం దాదాపు లేదనే చెప్పాలి, మొదటా చివరా టైటిల్స్ దగ్గర తప్ప వినబడేదంతా రైలు చప్పుడూ, పాత్రలు పాడుకునే పాటలూ, ఈలలే.

ఇంకో విశేషం, ఈ రైలు ఎక్కడికీ కదల్లేదు. లండన్‌లోని ఇజ్లింగ్టన్ స్టూడియోలో సుమారు 90 అడుగుల సెట్టు మీద ఒకే ఒక్క బోగీ పెట్టి, కిటికీల బయట తెరమీద దృశ్యాలు ఆడిస్తూ, దూరంగా కనబడే రైలుకి బొమ్మలు వాడుకుని తీశారు. మొదటి షాట్‌లో మంచు కప్పిన ఊరు బొమ్మల కొలువులాగే కనబడుతుంది, అందులో ఒక కారు బొమ్మ కదులుతూ పోతుంది కూడా. ఇవాళ చూసేవాళ్ళకి అది నకిలీ అని వెంటనే తెలిసిపోతుంది. కానీ పెట్టెలోపలికి వెళ్ళాక ఆ ఇరుకు, ఒకరి మోకాళ్ళు ఒకరికి తగలడం, వరండాలో ఎదురుపడ్డ మనిషికి గోడకి అతుక్కుని దారివ్వడం, ఇవన్నీ నిజం. చోటు లేకపోవడమే దర్శకుడికి కలిసొచ్చింది.

చాలామంది ఈ సినిమా మొదటి అరగంట దగ్గరే ఓపిక పోగొట్టుకుంటారు. రైలు కదలదు, హత్య గురించి ఎవరికీ పట్టదు, హోటల్లో గదుల కోసం గొడవ, తిండి అయిపోయిందని గొడవ, పై గదిలో జానపద నృత్యాలు సేకరిస్తున్న గిల్బర్ట్ చేసే రొదకి కింద గదిలో ఐరిస్ నిద్రపట్టక మేనేజర్‌కి డబ్బిచ్చి అతన్ని గదిలోంచి గెంటించడం, అతను పెట్టేబేడా సర్దుకుని నేరుగా ఆమె గదికే వచ్చేయడం. ఇదంతా కాలక్షేపం అనిపిస్తుంది. కానీ తర్వాత రైల్లో ఎవరెవరు ఏ అబద్ధం చెప్తారో, ఎందుకు చెప్తారో, అన్నిటికీ కారణాలు ఇక్కడే పెట్టేశారు. ముఖ్యంగా చార్టర్స్, కాల్డికాట్ అనే ఇద్దరు ఇంగ్లీషు పెద్దమనుషుల విషయంలో.

బాసిల్ రాడ్‌ఫర్డ్, నాంటన్ వేన్ చేసిన ఈ రెండు పాత్రలూ నవలలో లేవు, స్క్రిప్టు రచయితలు పుట్టించినవి. వీళ్ళకి ప్రపంచంలో ఒక్కటే పని, మాంచెస్టర్‌లో జరుగుతున్న టెస్ట్ మ్యాచ్ ముగిసేలోగా ఇంగ్లండ్ చేరుకోవడం. పనిమనిషి గదిలో ఒకే పైజామా జతని ఇద్దరూ పంచుకుని, ఒకరు పై భాగం ఒకరు కింది భాగం వేసుకుని పడుకోవాల్సి వచ్చినా వాళ్ళ బాధ అది కాదు, స్కోరు తెలియకపోవడం. లండన్ నుంచి వేరెవరికో వచ్చిన ఫోన్ అందుకుని అవతలి మనిషిని క్రికెట్ సంగతి అడుగుతారు, ఆ మనిషికి తెలియదంటే కోప్పడతారు. మ్యాచ్ ఉన్న రోజు మనవాళ్ళు ఎలా ఉంటారో తెలిసిన ఎవరికైనా వీళ్ళు పరాయివాళ్ళుగా అనిపించరు. నవ్వొస్తుంది, వాళ్ళంటే ఇష్టం కూడా ఏర్పడుతుంది, ఆ ఇష్టమే తర్వాత చూసేవాళ్ళని ఇరకాటంలో పెడుతుంది.

డైనింగ్ కార్ సీన్ దగ్గర కాస్త ఆగి చూడాలి. ఐరిస్, మిస్ ఫ్రాయ్ ఒక బల్ల దగ్గర, చార్టర్స్, కాల్డికాట్ పక్క బల్ల దగ్గర. చార్టర్స్ ఏదో పాత మ్యాచ్‌లో జరిగిన వివాదం వివరిస్తూ పంచదార బిళ్ళలన్నీ బల్లమీద ఫీల్డర్లుగా పేర్చుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడు మిస్ ఫ్రాయ్ పంచదార అందించమని మర్యాదగా అడుగుతుంది. అతను మొహం మాడ్చుకుని ఒక్కో ఫీల్డర్నీ ఏరి గిన్నెలో వేసి ఇస్తాడు. థియేటర్ నవ్వుతుంది. ఆ నవ్వులోనే దర్శకుడు ఒక సాక్ష్యాన్ని దాచిపెట్టాడు: ఇద్దరు మనుషులు మిస్ ఫ్రాయ్‌ని చూశారు, మాట్లాడారు, ఆవిడ మీద చిరాకు కూడా పడ్డారు, మర్చిపోయే అవకాశమే లేదు. అదే సీన్‌లో ఇంకొకటి. ఆవిడ తన పేరు చెప్తుంటే రైలు కూత వేస్తుంది, ఐరిస్‌కి వినబడదు. అందుకని ఆవిడ వేలితో కిటికీ అద్దం మీది మసక పొరలో ఫ్రాయ్ అని రాస్తుంది. తనతో తెచ్చుకున్న ప్రత్యేకమైన టీ పొట్లం బేరర్‌కి ఇస్తుంది. పంచదార, అద్దం మీద పేరు, టీ పొట్లం. మూడూ కబుర్లలో దొర్లిపోయినట్టే ఉంటాయి, మూడూ తర్వాత అక్కరకొస్తాయి.

ఆవిడ మాయమయ్యాక అబద్ధాలు రెండు రకాలుగా వస్తాయి. ఒక రకం అబద్ధాలు కుట్రలో ఉన్నవాళ్ళవి: ఎదుటి సీట్లో బారోనెస్, ఇంద్రజాలికుడు డొప్పో, టీ ఇచ్చిన స్టీవార్డ్, వీళ్ళందరి వెనకా మర్యాదగా మాట్లాడే మెదడు డాక్టర్ హార్ట్జ్. తలకి దెబ్బ తగిలింది కదా, నువ్వు ఊహించుకున్నావు, అంటాడాయన ఎంతో దయగా. వీళ్ళు మాత్రమే అబద్ధమాడితే ఐరిస్ గట్టెక్కేది, ఎందుకంటే రైల్లో ఇంకా ఇంగ్లీషువాళ్ళున్నారు, వాళ్ళని పిలిచి చెప్పిస్తే సరిపోయేది. రెండో రకం అబద్ధం అక్కడే ఎదురొస్తుంది. చార్టర్స్, కాల్డికాట్ మేం ఎవర్నీ చూడలేదంటారు, ఎందుకంటే ఈ గొడవ పెరిగితే రైలు ఆపేస్తారు, రైలు ఆగితే మ్యాచ్ పోతుంది. టాడ్‌హంటర్ అనే లాయరు తానూ చూడలేదంటాడు. నిజానికి మిస్ ఫ్రాయ్ రైలు కుదుపుకి తూలి అతని పెట్టెలోకే పడబోయింది, అతను గబుక్కున తెర దించేసుకున్నాడు. అతని భయం వేరు. పక్కనున్నావిడ అతని భార్య కాదు, విచారణంటూ జరిగితే పేర్లు బయటికొస్తాయి, జడ్జి పదవి మీద పెట్టుకున్న ఆశ పోతుంది. ఆవిడ మాత్రం ఆ పేరు బయటికి రావాలనే కోరుకుంటుంది కాబట్టి నేను చూశాను అని ముందు ఒప్పుకుని, తర్వాత లెక్క తప్పిందని తెలిసి మాట మార్చేస్తుంది. నిజం చెప్పినా స్వార్థంతోనే, అబద్ధం చెప్పినా స్వార్థంతోనే.

సినిమా గుండె ఇక్కడుంది. కుట్రదారుల అబద్ధం ఎదుర్కోవచ్చు, దానికి ఒక ఉద్దేశం ఉంది, ఎక్కడో ఒక ఆధారం దొరుకుతుంది. మామూలు మనిషి తన చిన్న పని కోసం ఆడిన అబద్ధాన్ని ఎలా పట్టుకుంటాం? చార్టర్స్‌కి మిస్ ఫ్రాయ్ మీద ఏ కక్షా లేదు. ఆవిడ ప్రాణాపాయంలో ఉందని అతనికి తెలియదు, తెలుసుకోవాలని లేదు అంతే. క్రికెట్ లాంటిదాని గురించి మాట్లాడుకుంటూ మనిషిని చూసిన సంగతే ఎలా మర్చిపోతారని ఐరిస్ అడిగితే, అతను నొచ్చుకునేది క్రికెట్‌ని చిన్నబుచ్చినందుకు. అప్పుడు కూడా థియేటర్ నవ్వుతుంది, కానీ ఆ నవ్వుతోపాటే ఐరిస్ చుట్టూ గోడ ఇంకో అడుగు దగ్గరికి జరిగిందని కూడా తెలుస్తుంది. ఒకే మాట, ఒకే క్షణం, రెండు పనులు. కామెడీ థ్రిల్లర్ అంటే ఇది కదా.

ఇందులో ఇంకో తెలివి ఉంది. మిస్ ఫ్రాయ్ నిజంగా ఉందని ప్రేక్షకులకి మొదటి నుంచీ తెలుసు, కళ్ళారా చూశారు. హోటల్లో ఆవిడ కిటికీ కింద పాడుతున్న గాయకుడి గొంతుని చీకట్లోంచి వచ్చిన చేతులు నులిమేయడం కూడా చూశారు. కాబట్టి ఐరిస్‌కి పిచ్చా కాదా అన్నది ప్రేక్షకుడి ప్రశ్న కానే కాదు. ఇదే కథని మొత్తం ఐరిస్ తలలోంచి చెప్పి, చివరిదాకా అనుమానం నిలిపి ఉంచే దారి కూడా ఉంది, అది మంచి మిస్టరీ అయ్యేది, కానీ నవ్వడం కుదిరేది కాదు. నిజం మనకి తెలుసు కాబట్టే చార్టర్స్ అబద్ధం నవ్వు పుట్టిస్తుంది, నిజం మనకి తెలుసు కాబట్టే అది భయపెడుతుంది కూడా. అద్దం మీద రాసిన పేరు ఐరిస్‌కి మళ్ళీ కనబడి, గిల్బర్ట్‌కి చూపించేలోగా రైలు సొరంగంలోకి దూరి బయటికొచ్చేసరికి చెరిగిపోవడం ఎంత ఉసూరుమనిపిస్తుందో, కాసేపటికి వంటగదిలోంచి బయటికి పారేసిన చెత్తలోంచి ఆ టీ పొట్లం కాగితం ఎగిరొచ్చి అద్దానికి ఒక్క క్షణం అతుక్కోవడం, దాన్ని సరిగ్గా గిల్బర్ట్ చూడటం అంత ఊరటనిస్తుంది. ఆ ఒక్క క్షణంతో ఆమెని నమ్మేవాడు ఒకడు దొరుకుతాడు.

సామాన్ల పెట్టెలో కొట్లాట కూడా ఇదే పద్ధతి. డొప్పో ఇంద్రజాలం సామాను మధ్య గిల్బర్ట్ అతనితో కలబడుతుంటే బుట్టల్లోంచి కుందేళ్ళు తలెత్తి చూస్తుంటాయి, అడుగు లేని పెట్టెలోంచి మనిషి జారిపోతాడు. ఇక డాక్టర్ హార్ట్జ్ రైల్లో తీసుకెళ్తున్న రోగి పక్కన కూర్చున్న సన్యాసిని కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులున్నాయని బయటపడే చోట, ఒక్క షాట్‌లో నవ్వూ, కట్లు కట్టిన ఆ రోగి ఎవరన్న అనుమానమూ రెండూ వచ్చేస్తాయి.

చివరి భాగంలో రైలు వెనక పెట్టెల్ని వదిలేసి, కొన్నిటినే ఒక పక్క లైనులోకి మళ్ళిస్తారు. అడవిలో ఆగిన ఆ పెట్టెల్ని సైనికులు చుట్టుముడతారు. టీ తాగే వేళ కాబట్టి ఇంగ్లీషువాళ్ళంతా డైనింగ్ కార్‌లోనే ఉన్నారు. ఇక తప్పుకోవడానికి దారి లేదు. కిటికీ బయట అధికారి మర్యాదగా మాట్లాడుతున్నాడు కాబట్టి ఏమీ కాదని చార్టర్స్ ఇంకా నమ్ముతూనే ఉంటాడు, చేతికి తూటా తగిలాక గానీ నమ్మకం పోదు. కాల్డికాట్ పిస్తోలు పట్టుకుని గురి తప్పకుండా కాలుస్తాడు. టాడ్‌హంటర్ మాత్రం లొంగిపోతే వదిలేస్తారని తెల్ల రుమాలు ఊపుకుంటూ దిగుతాడు, అక్కడే కాల్చేస్తారు. 1938 సెప్టెంబరు చివర్లో బ్రిటన్ ప్రధాని ఛాంబర్లేన్ మ్యూనిక్‌లో హిట్లర్‌తో రాజీపడి వచ్చాడు. స్క్రిప్టు దానికంటే ముందే రాసింది కాబట్టి నేరుగా ఆ ఒప్పందం గురించి అనలేం, కానీ అప్పటి బ్రిటన్‌లో ఆ రాజీ ధోరణి కొన్నేళ్ళుగా ఉన్నదే. ఆ శరదృతువులో సినిమా చూసినవాళ్ళకి తెల్ల రుమాలు ఎవర్ని గుర్తు చేసి ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. ప్రమాదం పక్క పెట్టెలో ఉంటే మనకి పట్టదు అనుకున్న ప్రయాణికుల కథ కాబట్టే ఆ పోలిక అతికించినట్టు ఉండదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రెండు దేశాల రహస్య ఒప్పందంలోని ఒక అంశాన్ని ఒక పాట బాణీలో దాచి, దాన్ని గూఢచారి అయిన మిస్ ఫ్రాయ్ అనే పెద్దావిడ నోటికి అప్పగించి యూరప్ దాటించడం ఏమిటి అని ఆలోచించడం మొదలుపెడితే కథ కూలిపోతుంది. నవలలో ఆవిడ గూఢచారి కాదు, చూడకూడనిది చూసిన అమాయకురాలు. అది నమ్మశక్యంగా ఉంటుంది, అయితే పాట ఉండదు. బాండ్రికా మనుషులంతా ఒక మూసలో పోసినట్టు ఉంటారు, వాళ్ళ భాష కూడా కల్పితమే, ఎగతాళి ఎక్కువే. ఇవి క్షమించదగ్గవే అనిపించేది సినిమా పరుగు వల్ల. ఒక ప్రశ్న పుట్టేలోగా ఇంకో సంఘటన వచ్చేస్తుంది.

తర్వాత ఈ దారిలో వచ్చినవాటిలో 1976 నాటి అమెరికన్ సినిమా ‘సిల్వర్ స్ట్రీక్’ చెప్పుకోదగ్గది. లాస్ ఏంజిలిస్ నుంచి షికాగో వెళ్ళే రైల్లో హీరో జీన్ వైల్డర్ కిటికీలోంచి ఒక శవం పడిపోవడం చూస్తాడు, ఎవరూ నమ్మరు. పునాది ఒకటే. కానీ అక్కడ హీరోని పదే పదే రైల్లోంచి బయటికి తోసేస్తారు, అతను విమానంలోనో కారులోనో వెంటపడి మళ్ళీ ఎక్కుతాడు. సరదాగా ఉంటుంది, కమెడియన్ రిచర్డ్ ప్రయర్ వచ్చాక మరీనూ. అయితే బయటికి వెళ్ళి మళ్ళీ రాగలిగినప్పుడు పెట్టెలోపలి ఉక్కిరిబిక్కిరి పోతుంది, తోటి ప్రయాణికులు కూడా ఎవరో పరాయివాళ్ళుగానే మిగిలిపోతారు. మన దగ్గర 2013లో మేర్లపాక గాంధీ తీసిన ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’ ఇంకో మలుపు తిప్పింది, అందులో హీరో రైలు తప్పిపోయి దాని వెంటపడతాడు. టెన్షనూ నవ్వూ రెండూ రైలు టైమింగ్‌లోంచే వస్తాయి, ఆ మేరకి అది ఈ కుదురుకి దగ్గరే. కానీ పెట్టెలోనే మనుషుల్ని బంధించి, వాళ్ళ చిన్న చిన్న స్వార్థాలతోనే ముడివేసి విప్పే కథ తెలుగులో ఇంకా గట్టిగా రావాల్సే ఉంది. మన రైళ్ళలో అలాంటి మనుషులకి కొదవ లేదు.

చార్టర్స్, కాల్డికాట్ చివరికి లండన్ చేరతారు, విక్టోరియా స్టేషన్‌లో పేపర్ బోర్డు మీద మ్యాచ్ వరదల వల్ల రద్దయిందని చదువుకుంటారు. 1938 జులైలో మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల టెస్టు వాన వల్ల ఒక్క బంతి కూడా పడకుండా నిజంగానే రద్దయింది! ఈ జంట ప్రేక్షకులకి ఎంత నచ్చేసిందంటే, అదే రచయితలు రాయగా కరోల్ రీడ్ తీసిన ‘నైట్ ట్రైన్ టు మ్యూనిక్’ అనే మరో రైలు సినిమాలోకి 1940లో మళ్ళీ వచ్చారు. అప్పటికి యుద్ధం మొదలైపోయింది. అందులో కూడా వాళ్ళకి సొంత గోల ఉంటుంది, ఈసారి బెర్లిన్‌లో వదిలేసిన గోల్ఫ్ కర్రల గురించి. కానీ ఒక ఇంగ్లీషువాడు పట్టుబడబోతున్నాడని చెవిన పడగానే కాసేపు తటపటాయించి, ఆ కబురు మోసుకెళ్ళి అతనికి అందిస్తారు.